పచ్చి సున్నం

ప్యాకింగ్ టేపు తయారుచేసేవాళ్ళ మీద నాకో చిన్న ఫిర్యాదు ఉంది. చుట్టకి మొదలెక్కడో తెలియదు. గోటితో గీరుకుంటూ చుట్టంతా తిప్పుతాం. ఒకచోట ఏదో తగిలినట్టు ఉంటుంది. పీకితే సన్నటి పీలిక ఒకటి వంకరగా లేచి, నాలుగంగుళాలు వచ్చాక తెగి, మళ్ళీ చుట్టలోనే కలిసిపోతుంది. చివర ఎర్రగీత ఒకటి పెడితే పోయేదానికి ఇంతమందిని ఇన్నాళ్ళుగా ఏడిపిస్తున్నారు. ఇంజనీరింగ్ చదివినవాణ్ణి, ఆ మాత్రం చెప్పే అర్హత నాకుంది. పైగా ఏడేళ్ళలో ఆరు ఇళ్ళు మారాను. ఇలాంటి విషయాల మీద గట్టి అభిప్రాయాలు ఏర్పడటానికి అది చాలు.

నా భార్య డాక్టరు. ఐర్లండులో ఆవిడలాంటి డాక్టర్లకి జనవరిలో ఒకసారి, జూలైలో ఒకసారి ఆసుపత్రి మారే అవకాశం ఉంటుంది. అవకాశం అనేది వాళ్ళు వాడే మాట. నాది సాఫ్ట్‌వేర్ పని. లాప్‌టాప్ ఎక్కడ తెరిస్తే అక్కడే ఆఫీసు, కాబట్టి ఇల్లు మారేటప్పుడు నేను కూడా సామాను కిందే లెక్క. మొదట లూకన్‌లో ఉన్నాం. తరవాత సముద్రం పక్కన ఒక ఊళ్ళో ఆరు నెలలు ఉన్నాం, సముద్రాన్ని రెండుసార్లు చూశాం. అలా మారుతూ మారుతూ పోయిన జనవరిలో ములింగార్‌కి ఇరవై నిమిషాల దూరంలో ఉన్న ఒక పల్లెలో దిగాం. ములింగార్‌లో అద్దెలు చూశాక పల్లె జీవితం మీద మాకు ఒక్కసారిగా ప్రేమ పుట్టింది.

ప్రతి ఇంట్లోనూ సగం పెట్టెలు విప్పుతాం, సగం విప్పం. వాటిలో ఒకదాని మీద నా చేతిరాతతో 'ముఖ్యమైనవి' అని ఉంటుంది. లూకన్‌లో టేపు వేశాక దాన్ని మళ్ళీ తెరవలేదు. అందులో ఏముందో ఇద్దరికీ గుర్తులేదు. ముఖ్యమైనవని మాత్రం తెలుసు.

మేం వచ్చిన రెండో వారంలో ఒక పెద్దావిడ తలుపు తట్టింది. ఆకుపచ్చ వానకోటు, బురద బూట్లు, ఎనభై దాటిన వయసు. లోపలికి రమ్మనేలోపే వచ్చేసింది.

"నువ్వు పగలంతా ఇంట్లోనే ఉంటావట," అంది.

ఇంగ్లీషులో నువ్వుకీ మీరుకీ తేడా లేదు. ఆవిడకి తెలుగు వచ్చి ఉంటే మాత్రం నన్ను నువ్వనే అనేది, అందుకే అలా రాస్తున్నాను.

ఉన్న రెండు కుర్చీల్లో ఒకదాని మీద నా లాప్‌టాప్, ఇంకోదాని మీద మా అమ్మాయి బడి సంచి ఉన్నాయి. పెద్దావిడ చుట్టూ చూసి, 'ముఖ్యమైనవి' పెట్టె మీద కూర్చుని టీ తాగింది. దానివల్ల ఆ పెట్టెకి మొదటిసారి ఒక ఉపయోగం కలిగింది.

ఊరికి ఒక హాలు ఉంది. మా ఇంటి నుంచి రెండు నిమిషాల నడక. ఊరివాళ్ళు తమ చేతులతో కట్టుకున్న రాతి హాలు. డాన్సులు, నాటకాలు, పెళ్ళి విందులు, బింగో, అన్నీ అందులోనే జరిగేవి. పట్టించుకునేవాళ్ళు లేక పదేళ్ళ పైగా మూతపడి ఉంది. ఊళ్ళో కొందరు కలిసి దాని కోసం ఒక సేవాసంస్థ పెట్టారు. ఈవిడ దానికి అధ్యక్షురాలు. పైకప్పు పోయినేడే బాగుచేయించారు. ఇక గోడలు మిగిలాయి.

"ఆ హాల్లోనే మా ఆయన డాన్సు చేస్తూ నా కాలు తొక్కాడు," అంది. "చచ్చిపోయేదాకా ఒప్పుకోలేదు. శనివారాలు వస్తావా?"

"చూద్దాం," అన్నాను. మన దగ్గర ఆ మాటకి రాను అని అర్థం. మర్యాదగా రాను అనడం.

"చూద్దాం అంటే ఏమిటో నాకూ తెలుసు, నేను పుట్టిన ఈ దేశంలోనూ దానికి అదే అర్థం," అంది. "పది గంటలకి రా. పాత బట్టలు వేసుకో."

అలా చేరాను. కమిటీలో కాగితం మీద ఏడుగురున్నారు. ఇద్దరు చర్చి వెనక సమాధుల్లో ఉన్నారు. ఒకాయన వృద్ధాశ్రమంలో ఉన్నాడు. ఒకావిడ ఆస్ట్రేలియాలో కూతురి దగ్గరకి వెళ్ళి, అక్కడ ఎండ బాగుందని కార్డు రాసింది. మిగిలిన ముగ్గురిలో ఇద్దరికి సరిగా వినపడదు, అందుకే మీటింగులు చాలా ప్రశాంతంగా జరుగుతాయి. మీటింగులో ఏదీ తేలదు. అంతా అయ్యాక కోట్లు వేసుకుంటూ గుమ్మం దగ్గర నిలబడతారే, అప్పుడు రెండు నిమిషాల్లో అన్నీ తేలతాయి. ఈ సంగతి తెలియక మొదటి రెండు మీటింగులూ అయిపోగానే ఇంటికి వచ్చేశాను. మూడో మీటింగు నాటికి హాలు తాళంచెవి నా దగ్గర ఉండాలని నేను లేనప్పుడు తేలిపోయింది. అరచేయంత పొడవున్న ఇనప తాళంచెవి. జేబులో పెట్టుకుంటే తొడకి తగులుతూ, ఇంకొకరి వస్తువు దగ్గరుందని గుర్తుచేస్తూ ఉంటుంది.

ఎప్పుడో ఎవరో మంచి మనసుతోనే ఆ రాతి గోడలకి సిమెంటు పూయించారట. లోపలి చెమ్మ బయటికి పోయే దారిలేక రాళ్ళ మధ్య మన్నంతా కుళ్ళిపోయింది. ఫిబ్రవరి శనివారాలన్నీ ఆ సిమెంటు చెక్కి తీయడంతో గడిచాయి. తరవాత సున్నం. మేస్త్రీ డెబ్భై దాటిన మనిషి. రోజుకి మూడు వాక్యాలు మాట్లాడతాడు. అందులో ఒకటి వాన గురించి ఉంటుంది. మార్చిలో మొదలుపెట్టి, ఒక్కో గోడా, ఒక్కో మూలా, ఎక్కడా తొందర లేకుండా పూసుకుంటూ వచ్చాడు.

సున్నం సిమెంటులా రాత్రికి రాత్రి గట్టిపడదు. త్వరగా ఆరితే పగుళ్ళొస్తాయి. గోనె పట్టాలు వేలాడదీసి, ఉదయం సాయంత్రం సన్నగా తడుపుతూ ఉండాలి. మన దగ్గర కొత్త ఇంటికి పైపుతో నీళ్ళు కొడతారే, అలాంటిదే, కాకపోతే ఇక్కడ చేతి పంపుతో పొగమంచులా చల్లాలి. దగ్గర్లో ఉన్నది నేను, తాళంచెవి ఉన్నది నా దగ్గర. కాబట్టి ఆ పని నాకొచ్చింది. పొరుగు ఊళ్ళో ఎవరైనా మీరేం చేస్తారని అడిగితే, వాన ఎప్పుడూ కురిసే దేశంలో ఒక గోడకి నీళ్ళు కొడుతున్నానని చెప్పాల్సి వచ్చేది.

నేను ఒకచోట కుదురుగా కూర్చునే మనిషిని కాను. ఫోన్ మీటింగులన్నీ నడుస్తూనే. మా అద్దె ఇంటి కార్పెట్ మీద వంటగది నుంచి కిటికీ దాకా ఒక కాలిబాట ఏర్పడింది. ఇంటి ఓనరుకి ఆ సంగతి ఇంకా చెప్పలేదు. హాలుకి రెండుసార్లు వెళ్ళాల్సింది ఆరుసార్లు వెళ్ళేవాణ్ణి. గోనె ఎత్తి చూసేవాణ్ణి, వేలితో నొక్కి చూసేవాణ్ణి, మళ్ళీ దించేవాణ్ణి. ఒకరోజు మేస్త్రీ నా వెనక నిలబడి, "దానికేసి అలా చూడకు, సిగ్గుపడుతుంది," అన్నాడు. ఆ రోజుకి అది మూడో వాక్యం.

ఏప్రిల్ దాటేసరికి ఇంకో అలవాటు పట్టుకుంది. కుడిచేత్తో పంపు కొడుతూ, ఎడమచేత్తో ఫోనులో కిల్కెన్నీలో ఇళ్ళ అద్దెలు చూడటం. ఎందుకంటే నా భార్య ముందు రెండు దారులున్నాయి. ఇక్కడి ఆసుపత్రిలోనే కొనసాగడం ఒకటి, జూలై నుంచి రెండు గంటల దూరంలో ఉన్న కిల్కెన్నీ ఆసుపత్రికి వెళ్ళడం ఇంకొకటి. రెండు చోట్లా మూడేళ్ళు. రెంటిలో ఏదీ ఇంకోదానికన్నా గొప్పది కాదు. ఒకటి గొప్పదైతే ఎంత సుఖంగా ఉండేదో!

మే నెలలో ఒక సాయంత్రం డ్యూటీ నుంచి వచ్చి, బూట్లు విప్పకుండానే పెట్టె మీద కూలబడింది. మాది గుంటూరు, ఆవిడది కరీంనగర్. ఏడు అద్దె ఇళ్ళూ ఏ యాసకీ అడ్డు రాలేదు.

"ఫ్రైడే లోపట చెప్పాలె వాళ్ళకు," అంది. "ఉంటమా, పోతమా?"

"నీ ఉద్యోగం కదా. నీ ఇష్టం," అన్నాను.

"ఆరిండ్లు మారినం. ఆరుసార్లు గిదే మాట. నా ఇష్టమేందో నాకెర్కనే, నాకు రెండూ ఒక్కటే. నీ ఇష్టమేందో ఒక్కపారన్న చెప్పరాదు?"

"చూద్దాం."

"ఏం జూస్తవ్? గోడనా?"

పక్క గదిలోంచి మా అమ్మాయి అంది. దానికి తెలుగు అంతా అర్థమవుతుంది, జవాబు మాత్రం ఈ ఊరి పిల్లల గొంతుతో వస్తుంది. "ఆర్ వి గోయింగ్ అగెయిన్, ఆర్ వి?"

నేను గోడకి నీళ్ళు కొట్టే వేళయిందని బయటికి వచ్చేశాను. ఆ రోజు అప్పటికే మూడుసార్లు కొట్టాను.

హాలు సంగతీ అదే వారం ముదిరింది. పాత కట్టడాలు చూసే అధికారి గురువారం వస్తున్నాడు. ఆయనకి ఇవ్వాల్సిన పత్రంలో నలుగురు సంతకం పెట్టాలి. పని పూర్తిచేసి, వచ్చే మూడేళ్ళూ హాలు బాగోగులు చూస్తామని. నలుగురు లేకపోతే ప్రభుత్వ సాయం అక్కడితో ఆగుతుంది, హాలు తలుపు మళ్ళీ మూసుకుంటుంది. మా దగ్గర ముగ్గురున్నారు. పెద్దావిడ ఊళ్ళో అందరినీ అడిగింది. కుర్రవాళ్ళు డబ్లిన్‌లో పనిచేస్తారు, ముసలివాళ్ళు రోజూ డ్యూటీకి వెళ్ళినట్టు డాక్టర్ల దగ్గరకి వెళ్తారు. నన్ను అడగలేదు. పత్రం తెచ్చి మా వంటగది ప్రెస్‌లో, అంటే టీపొడీ పంచదారా పెట్టుకునే అలమరలో, కప్పుల పక్కన పెట్టి వెళ్ళింది. టీ పెట్టుకునే ప్రతిసారీ నాలుగో గీత ఖాళీగా కనిపించేది. రెండు రోజులు కాఫీ తాగాను. అదీ ఆ అలమరలోనే ఉంది.

ఇంట్లో మా అత్తగారు కూడా ఉన్నారు. మనవరాలిని చూడటానికి మూడు నెలల వీసా మీద వచ్చారు. పెళ్ళయి తొమ్మిదేళ్ళయినా ఆవిడ నాతో నేరుగా మాట్లాడరు. అల్లుడితో ముఖాముఖీ మాట్లాడటం మర్యాద కాదని ఆవిడ పద్ధతి. కూతురు ఇంట్లో ఉంటే కూతురితో చెప్తారు. లేకపోతే ఫ్రిజ్‌తో. "అల్లుడు చాయ్ తాగుతడా ఏమో," అంటారు దానికేసి చూస్తూ. ఫ్రిజ్ తరఫున నేను తాగుతానంటాను.

బుధవారం మధ్యాహ్నం రెండు గంటలపాటు ఫోన్ మీటింగు నడిచాను. అయ్యాక పంపు తీసుకుని హాలుకి వెళ్ళాను. దూరం నుంచి చూసి ఆగిపోయాను. గుమ్మానికి కుడివైపు గోడ అంచు పసుపుపచ్చగా ఉంది. ఎడమవైపు అంచు ఎర్రగా ఉంది. ఎరుపంటే లేత ఎరుపు కాదు. గుమ్మంలో ఎవరో ఎవరినో పొడిచి, పారిపోయేటప్పుడు గోడ పట్టుకున్నట్టుంది. వేళ్ళ గుర్తులు కూడా ఉన్నాయి.

మర్నాడు పొద్దున అధికారి వస్తాడు. తడి గుడ్డతో తుడిచాను. చేతి వెడల్పున్న మరక మూరెడు అయింది. నేను బాగుచేద్దామని చేసిన పనులు సాధారణంగా అలాగే అవుతాయి.

ఇంటికి వస్తే అత్తగారు బెండకాయలు తరుగుతున్నారు. నేను ఫ్రిజ్ వైపు తిరిగి, "ఎవరైనా హాలు దగ్గరకి వెళ్ళారా?" అని అడిగాను. మా ఇంట్లో అదే మర్యాద కదా.

"పోయిన," అన్నారు ఫ్రిజ్‌తో. "రేపు ఆఫీసరొస్తడంటిరి. గంత పెద్ద దర్వాజ, పసుపు లేదు, బొట్టు లేదు, బోడిగున్నది. జెర పసుపు తడిపి రాసొచ్చిన. మంచిదే గదా."

"ఒకవైపు ఎర్రగా అయింది."

కత్తి ఆగింది. "సున్నమా అది?"

"సున్నమే."

"అయ్యో రామ! పేంటనుకున్న. గింత పెద్ద దేశంల ఇంకా సున్నం కొడ్తరని ఎవలకెర్క?"

ఆ మాట ఫ్రిజ్‌తో కాదు, నా మొహం చూసి అన్నారు. తొమ్మిదేళ్ళలో మొదటిసారి. అన్నాక ఆవిడే కంగారుపడి మళ్ళీ బెండకాయల వైపు తిరిగారు.

పసుపులో సున్నం కలిస్తే ఎర్రబడుతుందని ఆవిడకి తెలియక కాదు. పారాణి కలిపిన చేతులవి, దిష్టి నీళ్ళు తిప్పిన చేతులు. ఐర్లండు అంటే అంతా ప్లాస్టిక్ పెయింటే అనుకున్నారు, అంతే. పసుపు సంగతి నాకూ తెలుసు. కానీ నాలుగు నెలలుగా ఆ గోడ గురించే తిరుగుతూ, అది సున్నం గోడ అని ఇంట్లో ఒక్కరికీ చెప్పలేదు. గోడ గురించి మాట్లాడితే జూలై గురించి మాట్లాడాల్సి వస్తుందని కాబోలు.

పెద్దావిడకి ఫోన్ చేశాను. పావుగంటలో మేస్త్రీని వెంటబెట్టుకుని వచ్చింది. ఆయన గుమ్మం ముందు చాలాసేపు నిలబడ్డాడు. ఎడమవైపు ఎరుపు మీద వేలు రాశాడు, కుడివైపు పసుపు మీద రాశాడు.

"ఏమిటిది?"

"పసుపు. మేం కూరల్లో వేసుకునేది. మా అత్తగారు... శుభమని రాశారు."

"కుడిపక్క మార్చిలో పూశాను," అన్నాడు మేస్త్రీ. "అది పండింది, రంగు మారలేదు. ఎడమపక్క ఏప్రిల్ ఆఖర్న పూశాను. ఇంకా పచ్చి, అందుకే ఎర్రబడింది." ఎర్రబడ్డ వేలు చూసుకుని, "ఇంకాస్త ఉందా ఇది?" అని అడిగాడు.

ఇంటికి పరిగెత్తి గిన్నెడు పసుపు తెచ్చాను. ఆయన హాలు లోపలికి వెళ్ళి, గోనెలు ఎత్తి, ప్రతి గోడకీ ఒక మూల వేలితో చుక్క పెట్టాడు. మొదటి గోడ ఎర్రబడింది. రెండోదీ ఎర్రబడింది. మూడోదీ అంతే. నాలుగో గోడ మీద సగం పసుపు, సగం ఎరుపు. అత్తగారు చూసి ఉంటే గృహప్రవేశం అనుకునేవారు.

"పచ్చే," అన్నాడు. "జూన్‌లో వెల్ల వెయ్యను. సెప్టెంబరు చివరికి వేస్తాను. అప్పటిదాకా ఎవరో ఒకరు ఇలాగే తడుపుతూ చూసుకోవాలి. వదిలేస్తే రాలిపోతుంది."

ఒకేరోజు అన్ని వాక్యాలు ఆయన నోట వినడం ఊళ్ళో ఎవరికైనా కొత్తే. పెద్దావిడ జూన్‌లో హాలు తెరవాలని టీకప్పులు కూడా కడిగించి పెట్టుకుంది. ఆవిడ జూన్ నుంచి సెప్టెంబరు దాకా వేళ్ళ మీద లెక్కపెట్టుకుంది. మధ్యలో జూలై దగ్గర వేలు ఆపి, నా వైపు చూసింది. నేను గిన్నెలో మిగిలిన పసుపు చూశాను.

గురువారం పొద్దున అధికారి వచ్చాడు. నల్లకోటు, మెడలో కెమెరా. గుమ్మం దగ్గరే ఆగి ఆ ఎరుపు చూశాడు.

"ఇదేమిటి?"

"పరీక్ష," అంది పెద్దావిడ, కనురెప్ప వాల్చకుండా. "సున్నం పండిందో లేదో చూడటానికి. ఇండియా పద్ధతి. మాకు అక్కడి ఇంజనీరు ఉన్నాడు."

నేను జావా రాసే ఇంజనీరుని. ఆ వివరం ఎవరూ అడగలేదు. అధికారి కిందికి వంగి ఫోటో తీశాడు, సంతోషించాడు. ఇలాంటి పరీక్షకి తామొక మందు వాడతామని, దాని కన్నా ఇదే బాగుందని అన్నాడు. లోపల గోడలు చూశాడు. తొందరపడకుండా సెప్టెంబరు దాకా ఆగడం మంచి నిర్ణయమన్నాడు. ఆ నిర్ణయం వయసు పద్దెనిమిది గంటలని మేం చెప్పలేదు.

"అప్పటిదాకా దీన్ని చూసుకునేది ఎవరు?" అని అడిగాడు.

మేస్త్రీ పైకప్పు చూశాడు. వినపడని ఇద్దరికీ వినపడలేదు.

పెద్దావిడ పత్రం తీసింది. ముందురోజు సాయంత్రం మా ప్రెస్‌లోంచి ఎప్పుడు తీసుకెళ్ళిందో నాకు తెలియదు. మూడు సంతకాలున్నాయి. నాలుగోది సోమవారానికి పంపిస్తానంది. అధికారి సరేనని, టీ వద్దని, రెండోసారి వద్దని, మూడోసారి తాగి వెళ్ళిపోయాడు.

అందరూ కోట్లు వేసుకుని గుమ్మం దగ్గర నిలబడ్డారు. అన్నీ తేలే వేళ. ఆ రోజు ఒక్కొక్కరే జారుకున్నారు. పెద్దావిడా, నేనూ మిగిలాం. కిల్కెన్నీలో ఒక ఇల్లు చూడటానికి శనివారం రమ్మని అప్పుడే ఫోనులో మెసేజ్ వచ్చింది. కిటికీలు పెద్దవి, కార్పెట్ కొత్తది. మర్నాడు శుక్రవారం.

ఏదో ఒకటి చేస్తూ ఉండాలి కదా అని పంపు అందుకుని గోడకి నీళ్ళు కొట్టడం మొదలుపెట్టాను. పెద్దావిడ పత్రాన్ని గుమ్మం పక్క కిటికీ గట్టు మీద పరిచి, ఎగిరిపోకుండా పసుపు గిన్నె బరువు పెట్టింది. దాని మీద పెన్ను పెట్టింది.

"ఊరంతా నీకు గోడ మీద ప్రేమ అనుకుంటోంది," అంది. "రోజుకి ఆరుసార్లు వస్తావట."

"తడి ఆరకూడదు కదా."

"నువ్వు వెళ్ళిపోతున్నావా?"

"ఇంకా ఏదీ తేలలేదు. చూద్దాం," అన్నాను. గోనె ఎత్తి, అప్పుడే తడిపిన చోటే మళ్ళీ తడిపాను. నీళ్ళు కారి నా బూటు మీద పడ్డాయి. జేబులో తాళంచెవి తొడకి తగులుతోంది.

ఆవిడ వానకోటు గుండీలు పైదాకా పెట్టుకుంది. చెయ్యి చాపింది, అరచేయి పైకి.

"ఇంటికెళ్ళి, నేను కూర్చున్న ఆ పెట్టె విప్పు," అంది. "లేకపోతే తాళంచెవి ఇచ్చెయ్."